మారు వెలుగుల గెలాక్సీలు

రేడియో కేంద్రమున పనిచేయువారము గనుక మాకు గడియారముతో పరిచయము హెచ్చు. ఒక నియమిత సమయమునకు ఆరంభము కావలసిన ప్రసంగము ఆ క్షణముననే ఆరంభమగును. ఆ వేళకు సెట్టు తెరువని శ్రోతకు మొదటి వాక్యము దక్కదు. ప్రసంగములను రికార్డు చేసి మరల వినిపించు సాధనములు వచ్చిన తరువాత ఈ ఇబ్బంది చాలవరకు తీరినది. కాని ప్రకృతి చేయు ప్రసారములకు పునఃప్రసారము లేదు. ఆ వేళకు ఎవరైన మేలుకొని వినుచున్నచో అది మానవజాతికి దక్కును. లేనిచో ఎన్నటికిని దక్కదు. అట్టి ప్రసారములను పట్టుకొనుటకు గడచిన 60, 70 సంవత్సరములుగ జరుగుచున్న ప్రయత్నమే ఈ వ్యాసమునకు విషయము.

ఆ ప్రసారములు వచ్చుచున్నది మనకు కోట్లకొలది కాంతి సంవత్సరముల దూరముననున్న కొన్ని గెలాక్సీల నడిబొడ్డునుండి. వాటిని ఖగోళ శాస్త్రజ్ఞులు క్రియాశీల గెలాక్సీలందురు. వాటినుండి వచ్చు గామా కిరణములు ఒకనాడు ఉజ్జ్వలముగ నుండును, మరునాడు క్షీణించును. ఒక్కొక్కప్పుడు కొన్ని నిమిషములలోనే రెట్టింపగును. నిలకడగ వెలుగు దీపమును తీరికగ కొలువవచ్చును. రెపరెపలాడు దీపమును కొలుచుట కష్టము. కాని ఈ చరిత్రలో జరిగినది విపరీతము. ఆ రెపరెపయే కొలబద్ద అయినది. ఏ దూరదర్శినికిని విడివడి కనిపింపనంత చిన్నచోటు పరిమాణమెంతయో ఆ హెచ్చుతగ్గుల వేగమే మనకు తెలిపినది.

గామా కిరణమనగానేమి? కంటికి తెలియు వెలుగు, రేడియో తరంగములు, ఎక్స్ కిరణములు, గామా కిరణములు, ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. భేదము శక్తిలోనే గలదు. కంటికి కనిపించు కాంతికణమునకు రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి యుండును. మేము చెప్పబోవు గామా కిరణములలో తక్కువ శక్తి గలవానికి 10 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, హెచ్చు శక్తి గలవానికి లక్ష కోట్లు, అంతకు పైని యుండును. ఇట్టి కిరణము వట్టి వేడిమివలన పుట్టదు. నక్షత్రమెంత కాగినను దాని ఉపరితలమునుండి ఇది రాదు. ఏదో ఒక సహజ యంత్రము విద్యుత్కణములను కాంతివేగమునకు అతి సమీపమునకు తరిమినప్పుడే ఇది పుట్టును. కనుక గామా కిరణములు వచ్చుచున్న చోట అట్టి యంత్రమొకటి పనిచేయుచున్నదని నిశ్చయింపవచ్చును.

క్రియాశీల గెలాక్సీల పరిచయము మనకు ఒక పొరపాటుతో మొదలైనది. 1929లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కూనో హాఫ్‌మైస్టర్ లాసెర్టా రాశిలో వెలుగు మారుచున్న చుక్కనొకదానిని కనుగొనెను. దానికి బి.ఎల్. లాసెర్టే అను పేరు వచ్చినది. వెలుగు మారు నక్షత్రములు అప్పటికే అనేకము తెలిసియుండుటచే అదియు వానిలో నొకటి యని జాబితాకెక్కినది. 1968లో అదే చోటునుండి రేడియో తరంగములు వచ్చుచున్నవని తేలిన పిదపనే అది నక్షత్రము కాదని సందేహము కలిగినది. అది సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరముల దూరముననున్న గెలాక్సీ నడుమ వెలుగు బిందువు.

ఈలోగా 1963లో మార్టెన్ ష్మిట్ అను శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో 3సి 273 అను చుక్క వర్ణపటమును పరిశీలించి, దాని గీతలు ఎరుపువైపునకు బాగుగ జరిగియున్నవని గ్రహించెను. దానిని బట్టి ఆ చుక్క సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరముల దూరముననున్నదని తేలినది. అంత దూరమునుండి చిన్న దూరదర్శినికి సైతము కనిపించుచున్నదన్నచో దాని అసలు వెలుగెంతయో ఊహింపవచ్చును. ఇట్టివానికి క్వేసారులని పేరు వచ్చినది. వెంటనే మరియొక సంగతి బయటపడినది. హార్వర్డు వేధశాలలో 19వ శతాబ్దపు చివరి దశాబ్దములనుండి ఆకాశమును ఫోటో తీసి పలకలను భద్రపరచియుండిరి. హార్లన్ స్మిత్, డారిట్ హాఫ్లీట్ అను వారు ఆ పాత పలకలను తీసి చూడగా 3సి 273 వెలుగు అన్నాళ్లుగ మారుచునే యుండెనని తెలిసినది. ఎవరును ఆ ఉద్దేశముతో చూడకున్నను పలక చూచినది. గామా కిరణములకు అట్టి పాత పలకలు లేవు. ఈ భేదము తరువాతి కథకంతటికి మూలము.

వెలుగు మారుట వలన పరిమాణమెట్లు తెలియునో మాకు పరిచితమైన శబ్దముతో చెప్పెదము. గాలిలో శబ్దము సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. అంత పొడవున్న మైదానమున జనము బారులు తీరి నిలిచి, సైగ కనిపించిన క్షణముననే అందరును ఒక్కసారి చప్పట్లు కొట్టిరనుకొందము. ఒక కొననున్న మైక్రోఫోనుకు ముందు దగ్గరివారి చప్పుడు, చివర దూరపువారి చప్పుడు చేరును. ఒక్క చరపుగ పుట్టిన శబ్దము సెకను పొడుగున సాగి వినిపించును. ఒక్క మనిషి కొట్టిన చప్పట్లు మాత్రము తునకవలె తెగి వినిపించును. కనుక కన్నులు మూసికొని వినువాడు కూడ, చప్పుడు తెగిన తీరును బట్టి గుంపు ఎంత చోటులో నున్నదో చెప్పగలడు. ఆకాశమునను అంతే. ఒక వస్తువు వెలుగు రెండు దినములలో బాగుగ మారినచో ఆ వెలుగు పుట్టిన చోటు రెండు దినములలో కాంతి పోగల దూరమునకు మించియుండదు. లక్ష కాంతి సంవత్సరముల వెడల్పుగల గెలాక్సీతో పోల్చినచో అది సూదిమొన.

అంత చిన్నచోట అంత వెలుగును పుట్టించునది ఏది? సూర్యునికి కోట్లకొలది రెట్లు బరువుగల కృష్ణబిలమొకటి గెలాక్సీ నడుమ నుండి, చుట్టునున్న పదార్థమును లాగికొనుచున్నదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. లోనికి పడునది కాగి వెలుగును. కొన్నిట లోనికి పడవలసిన దానిలో కొంత భాగము రెండు ధారలై, కాంతివేగమునకు అతి చేరువ వేగముతో ఎదురెదురు దిక్కులకు చిమ్ముకొని పోవును. ఆ ధారలలో నొకటి సూటిగ మనవైపునకే వచ్చుచున్నచో ఆ గెలాక్సీని బ్లేజారు అందురు. ఆ పేరు 1978లో పిట్స్‌బర్గున జరిగిన సభలో ఎడ్వర్డ్ స్పీగెల్ పెట్టినది. అయితే ధారయొక్క ముఖ్య సాక్ష్యములలో నొకటి గామా కిరణముల రెపరెపనుండియే వచ్చినది. ఆ కథను ఇక చెప్పెదము.

ఆకాశమునుండి గామా కిరణములు రావచ్చునని 1958లోనే ఫిలిప్ మారిసన్ విపులముగ వ్రాసెను. కాని వాయుమండలము వానిని నేలకు రానీయదు. 1961 ఏప్రిల్‌లో అమెరికావారు పంపిన ఎక్స్‌ప్లోరర్ 11 అను ఉపగ్రహము మొదటి గామా దూరదర్శినిని మోసికొనిపోయినది. నెలల తరబడి తిరిగి అది విశ్వమునుండి వచ్చినవని చెప్పదగిన గామా కిరణములను 22 మాత్రమే పట్టినది. ఇది చదువరులకు నవ్వు పుట్టింపవచ్చును. కాని గామా ఖగోళము అంతటి బీద శాస్త్రముగనే పుట్టినది. అందు ప్రతి కణమును లెక్కపెట్టి చిట్టాలో వ్రాసికొనవలసియుండెను.

1975 నుండి 1982 వరకు ఐరోపావారి కాస్-బి ఉపగ్రహము పనిచేసినది. అది మొత్తము 25 గామా స్థానములను గుర్తించినది. వానిలో మన పాలపుంతకు వెలుపలిదని తెలిసినది ఒక్కటే, కన్యారాశిలోని 3సి 273. ఒక్క సాక్షితో వ్యాజ్యము నిలువదు. క్వేసారులన్నియు గామా కిరణములను పంపునా, లేక ఇది ఒక్కటియే వింతయా యను ప్రశ్న పదునైదేండ్లు అట్లే నిలిచిపోయినది.

1991 ఏప్రిల్ 5న అట్లాంటిస్ వ్యోమనౌక కాంప్టన్ గామా కిరణ వేధశాలను కక్ష్యలోనికి తీసికొనిపోయినది. విడువబోవు సమయమున దాని ఆంటెన్నా విచ్చుకొనక మొరాయించెను. వ్యోమగామి జెర్రీ రాస్ నౌక వెలుపలికి వచ్చి చేతితో తోసి దానిని విడిపించవలసివచ్చినది. ఆ వేధశాలలో ఎగ్రెట్ అను పరికరముండెను. 10 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు పైనున్న కిరణములను పట్టుట దాని పని. ఆ సంవత్సరము జూన్ నెల నడిమి నుండి రెండు వారములపాటు దానిని కన్యారాశివైపు త్రిప్పిరి. ఉద్దేశము పాత పరిచయస్థుడైన 3సి 273ను మరల చూచుట.

చూచినవారికి ఆ రాశిలో గొప్ప వెలుగు కనిపించినది. కాని అది 3సి 273 కాదు. దానికి సుమారు 10 డిగ్రీల ఆవల, మన చిత్త నక్షత్రమునకు చేరువగ, 3సి 279 అను మరియొక క్వేసారు మండుచుండెను. దాని వెలుగు మనకు చేరుటకు సుమారు 500 కోట్ల సంవత్సరములు పట్టినది. అన్ని దిక్కులకును సమానముగ వెలుగుచున్నదని లెక్కగట్టినచో, అది మన పాలపుంతలోని నక్షత్రములన్నియు కలిసి ఇచ్చు వెలుగునకు వేల రెట్లు. కాస్-బి ఇదే ప్రాంతమును పూర్వము చూచియుండెను. దానికి ఈ క్వేసారు కనిపింపలేదు. కాస్-బి కన్ను మసకదని తలచుటకు వీలులేదు. ఇంత వెలుగు అప్పుడే యుండినచో అది దానిని తప్పక పట్టియుండును. అనగా నాడు ఆ దీపము తగ్గియుండెను, నేడు హెచ్చినది. ఆ రెండు వారములలోనే, దినముల వ్యవధిలో, దాని వెలుగు హెచ్చి తగ్గుట కూడ ఎగ్రెట్ నమోదు చేసినది. రాబర్ట్ హార్ట్‌మన్ మొదలగువారు 1992లో ఈ సంగతిని ప్రకటించిరి.

దీనినుండి తేలిన దానిని ఒకటి తరువాత ఒకటిగ చూతము. రెండు దినములలో వెలుగు మారినది గనుక అది పుట్టిన చోటు చిన్నది. మన సౌరకుటుంబమునకు కొన్ని రెట్లు మాత్రమే. అంత ఇరుకులో అన్ని గామా కిరణములును, వానితోపాటు ఎక్స్ కిరణములును క్రిక్కిరిసియున్నచో అవి యొకదానితో నొకటి ఢీకొని ఎలక్ట్రాను, పాజిట్రాను జంటలుగ మారి నశించును. గామా కిరణము బయటికే రాదు. కాని వచ్చినది. ఈ వైరుధ్యము తీరుటకు ఒక్కటే దారి కనిపించినది. వెలుగు అన్ని దిక్కులకును పోవుటలేదు. మనవైపు దూసికొని వచ్చు ధారనుండి, టార్చిలైటు వెలుగువలె, మనమీదికే పడుచున్నది.

అట్లు వచ్చునప్పుడు కాలము కూడ కుదించుకొనిపోవును. దూరదేశమునుండి మన ఊరికి వచ్చుచున్న బాటసారి దినమునకొక ఉత్తరము చొప్పున దారిపొడుగున వేయుచున్నాడనుకొందము. ప్రతి ఉత్తరమును కడపటిదానికంటె దగ్గరనుండి బయలుదేరును గనుక మనకు దినమునకొకటిగ గాక, త్వరత్వరగ చేరును. బాటసారి టపాబండి వేగమునకు చేరువ వేగమున వచ్చుచున్నచో నెలనాళ్ల ఉత్తరములు ఒకటి రెండు దినములలోనే వచ్చి పడును. మార్టిన్ రీస్ 1966లోనే ఇట్టి ధారలవలన ఏర్పడు దృష్టిభ్రమను లెక్కగట్టి, వస్తువులు కాంతికంటె వేగముగ కదలినట్లు కనిపింపవచ్చునని చెప్పియుండెను. 1971లో రేడియో శాస్త్రజ్ఞులు అట్టి కదలికను చూచిరి. చూచినది ఈ 3సి 279లోనే. ఇరువది యేండ్ల తరువాత గామా కిరణములు అదే గెలాక్సీనుండి అదే సాక్ష్యమును మరియొక భాషలో చెప్పినవి. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినట్లయినది.

1999లో ప్రకటించిన ఎగ్రెట్ జాబితాలో 271 గామా స్థానములు కలవు. వానిలో 66 బ్లేజారులని దృఢముగ గుర్తించిరి. పూర్వము ఒక్కటియే యుండిన చోట ఒక జాతి యంతయు బయటపడినది.

ఇక నేలమీదినుండి చూచినవారి కథ వేరు. గామా కిరణము వాయుమండలపు పైపొరలలో తాకి నశించునని చెప్పితిమి. నశించుచు అది కణముల జల్లు నొకదానిని పుట్టించును. ఆ కణములు గాలిలో కాంతికంటె వేగముగ పోవుటచే నీలిరంగు మెరుపు మెరయును. దీనికి చెరెన్‌కోవ్ కాంతి అని పేరు. అది సెకనులో కొన్ని వందకోట్ల వంతుల కాలము మాత్రమే యుండును. ఆకాశపు మసక వెలుగులో ఈ కాంతి పదివేలవ వంతు ఉండవచ్చునని 1948లో పాట్రిక్ బ్లాకెట్ అంచనా వేసెను. గాల్‌బ్రెయిత్, జెల్లీ అను ఇద్దరు ఇంగ్లండులోని హార్వెల్ వద్ద ఒక చెత్తడబ్బా అడుగున చిన్న అద్దము, దానికెదురుగ ఒక కాంతిగ్రాహక నాళము అమర్చి, చీకటిరాత్రి ఆరుబయట నుంచి ఆ మెరుపులను పట్టిరి. 1953లో దానిని ప్రకటించిరి. ఒక గొప్ప శాస్త్రము చెత్తడబ్బాలో పుట్టినదని చెప్పుకొనుట ఆ శాస్త్రజ్ఞులకు నేటికిని సరదా.

మెరుపు పట్టుట తేలికయే. అది గామా కిరణము వలన కలిగినదని చెప్పుటయే కష్టము. సామాన్య విశ్వకిరణముల జల్లులు వేల రెట్లు హెచ్చుగ వచ్చి గామా జల్లులను కప్పివేయును. 1968లో అమెరికాలోని ఆరిజోనాలో, హాప్కిన్స్ పర్వతముమీద, విప్పుల్ వేధశాలవారు 10 మీటర్ల అద్దమును నెలకొల్పిరి. ట్రెవర్ వీక్స్ మొదలగువారు దానితో ఇరువది యేండ్లు పాటుపడిరి. 1985లో మైకేల్ హిల్లాస్ ఒక ఉపాయము చెప్పెను. మెరుపును ఊరక లెక్కపెట్టక దాని ఆకారమును చిత్రముగ తీసినచో గామా జల్లు సన్నగ, పొందికగ నుండును, తక్కినవి చెదరియుండును. ఆ ఉపాయముతో 1989లో వృషభరాశిలోని క్రాబ్ నెబ్యులానుండి లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణములు నిస్సందేహముగ దొరకినవి. ఇరువది యొక్క సంవత్సరముల నిరీక్షణకు ఫలము ఒక్కటి. అయినను గట్టిది.

ఎగ్రెట్ వార్తలు వచ్చిన తరువాత వారు ఆ కొత్త బ్లేజారులవైపు అద్దమును త్రిప్పిరి. మహోజ్జ్వలమైన 3సి 279 వారికి కనిపింపలేదు. 1992లో సప్తర్షి మండలములోని మార్కారియన్ 421 అను సమీప గెలాక్సీ కనిపించినది. ఎగ్రెట్ దృష్టిలో అది మందమైన దీపము. కారణమేమనగా అతి శక్తిగల గామా కిరణములు దారిలో నక్షత్రముల పాత వెలుగును ఢీకొని నశించుచుండును. ఎంత దూరమో అంత నష్టము. 40 కోట్ల కాంతి సంవత్సరములనుండి వచ్చినవి మిగులును. వందల కోట్లనుండి వచ్చినవి అరుగుచు పోవును. 2006 ఫిబ్రవరిలో కానరీ దీవులలోని మేజిక్ దూరదర్శిని 3సి 279ను ఎట్టకేలకు పట్టుకొన్నది. విశ్వము అనుకొన్నంత మసక కాదని దానివలన తెలిసినది.

1996 మే నెలలో మార్కారియన్ 421 రెండుమార్లు పెల్లుబికినది. మొదటిసారి సుమారు ఒక గంటలో దాని వెలుగు రెట్టింపయి, మామూలు స్థితికంటె 50 రెట్లకు పైగ పెరిగినది. రెండవసారి పెల్లుబుకుట, అణగుట కలిసి సుమారు అరగంటలో ముగిసినది. అరగంటలో కాంతి 54 కోట్ల కిలోమీటర్లు పోవును. సూర్యునినుండి బృహస్పతికి గల దూరముకంటె అది తక్కువ. 40 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున అంత చిన్న చోటులో జరిగినదానిని మనము తెలిసికొన్నాము. దూరదర్శిని పదునువలన గాదు, గడియారము చేతనుండుటవలన.

ఆ గడియారము 2006 జూలైలో ఇంకను చిక్కుప్రశ్న వేసినది. నమీబియాలోని హెస్ దూరదర్శినులు జూలై 28వ తేదీ రాత్రి పి.కె.ఎస్. 2155-304 అను బ్లేజారు ఎన్నడును లేనంతగ మండుటను చూచినవి. దాని వెలుగు సుమారు 200 సెకనుల కాలప్రమాణమున మారుచుండెను. సూర్యునికి వందకోట్ల రెట్లు బరువుగల కృష్ణబిలము అంచును ఆ కొననుండి ఈ కొనకు దాటుటకు కాంతికే కొన్ని గంటలు పట్టును. యంత్రముకంటె దాని నిప్పురవ్వ చిన్నదిగ నుండుట వింత గాదు గాని, అంత చిన్న రవ్వలో అంత వెలుగెట్లు ఇమిడినదను ప్రశ్నకు నేటికిని సర్వసమ్మతమైన సమాధానము లేదు. ధార అనుకొన్నదానికంటె వేగముగ వచ్చుచుండవలెనని కొందరు, ధారలోనే చిన్న ధారలు పుట్టునని కొందరు చెప్పుదురు.

ఇచటనే ఈ చరిత్రలోని పెద్ద లోటును చెప్పవలసియున్నది. కాంప్టన్ వేధశాలలో దిక్కు నిలుపు గైరోస్కోపు ఒకటి చెడిపోగా, అది అదుపు తప్పి జనపదములపై పడకుండునట్లు 2000 జూన్ 4న దానిని కావలెనని పసిఫిక్ సముద్రముమీదికి దింపివేసిరి. పిమ్మట దాదాపు ఏడేండ్లు ఎగ్రెట్ చూచిన శక్తులలో ఆకాశమును చూచు కన్ను ఒకటియైన లేకపోయెను. 2006 జూలైలో ఆ మహోజ్జ్వలన జరిగినప్పుడు నేలమీది దూరదర్శినులు చూచినవి. రెండు రాత్రుల తరువాత జరిగిన రెండవదానిని మన చంద్రశేఖర్ పేరిటి చంద్ర ఎక్స్ కిరణ వేధశాల కూడ చూచినది. కాని నడిమి శక్తుల గామా కిరణములు ఆ రాత్రి ఎట్లున్నవో ఎవరికిని తెలియదు, తెలియబోదు. హార్వర్డు పలకల వంటివి ఇందుకు లేవు. పుస్తకమున నడిమి పుటలు చిరిగిపోయినట్లు ఆ భాగము శాశ్వతముగ పోయినది.

ఆ వెలితిని మొదట పూరించినది తెలుగు గడ్డమీదినుండి లేచినదని చెప్పుకొనుటకు మేము సంతోషించుచున్నాము. 2007 ఏప్రిల్ 23న శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి.-సి8 రాకెట్టు ఇటలీవారి ఎజైల్ ఉపగ్రహమును భూమధ్యరేఖకు చేరువగ తిరుగు కక్ష్యలో నిలిపినది. ఆ ఉపగ్రహము బరువు సుమారు 350 కిలోగ్రాములు. కొన్ని నెలలలోనే, పూర్వాభాద్ర నక్షత్రమునకు చేరువనున్న 3సి 454.3 అను బ్లేజారు మండుచున్నదని వార్త రాగా, ఎజైల్‌ను అటు త్రిప్పిరి. అది గామా కిరణములలోను ఉజ్జ్వలముగ కనిపించినది. 2024 ఫిబ్రవరిలో వాయుమండలమున ప్రవేశించి నశించువరకు ఆ ఉపగ్రహము 16 సంవత్సరములకు పైగ కక్ష్యలో నిలిచినది. 2008 జూన్ 11న అమెరికావారి ఫెర్మి వేధశాల పైకి వెళ్లినది. ఎగ్రెట్ ఒకచోటికి త్రిప్పినప్పుడు తక్కిన ఆకాశము దానికి కనిపించెడిది కాదు. ఫెర్మి అట్లు గాక సుమారు మూడు గంటలకొకసారి ఆకాశమంతటిని చూచును. కావలివాడు ఒక కిటికీవద్ద కూర్చుండక ఇల్లంతయు తిరిగి చూచినట్లు ఇది పనిచేయును.

ఆ కావలి విలువ 2017 సెప్టెంబరు 22న తెలిసినది. దక్షిణ ధ్రువమున మంచులో పాతిన ఐస్‌క్యూబ్ పరికరము అతి శక్తిగల న్యూట్రినో నొకదానిని పట్టి, అది వచ్చిన దిక్కును వెంటనే లోకమునకు తెలియజేసినది. న్యూట్రినో దేనిని తాకక దూసికొనిపోవు కణము. ఎచటినుండి వచ్చినదో చెప్పుట కష్టము. ఫెర్మి లెక్కలను చూడగా, ఆ దిక్కున మృగశిరకు చేరువగ టి.ఎక్స్.ఎస్. 0506+056 అను బ్లేజారు ఆ దినములలోనే గామా కిరణములలో హెచ్చియున్నదని తేలినది. మేజిక్ దూరదర్శిని కూడ దానిని చూచినది. 2018లో ఈ సంగతి ప్రకటితమైనది. బ్లేజారుల యంత్రము ఎలక్ట్రానులనే గాక ప్రోటానులను కూడ తరుముచున్నదనుటకు అది బలమైన సూచన. ఆ దినములలో కావలి లేకున్నచో ఆ న్యూట్రినో ఊరు పేరు లేని అతిథివలె వచ్చిపోయియుండెడిది.

మన దేశమున ఈ విద్య కొత్తది కాదు. 1969లోనే బి.వి. శ్రీకంఠన్ మొదలగు టాటా సంస్థ శాస్త్రజ్ఞులు ఊటీలో అద్దములు పెట్టి చెరెన్‌కోవ్ మెరుపులను వెదకిరి. తరువాత ఆ పని మధ్యప్రదేశ్‌లోని పంచమఢీకి మారినది. మౌంట్ ఆబూలో భాభా అణుపరిశోధన కేంద్రమువారు టాక్టిక్ దూరదర్శినిని నెలకొల్పిరి. 1997లో మార్కారియన్ 501 అను గెలాక్సీ నెలల తరబడి మండినప్పుడు దానిని గమనించిన వారిలో ఆబూవారును కలరు. లడఖ్‌లోని హాన్లేలో, 4,270 మీటర్ల ఎత్తున, ఏడు దూరదర్శినుల హగార్ 2008 నుండి పనిచేసి 2010 ఫిబ్రవరిలో మార్కారియన్ 421 ఉజ్జ్వలనను చూచినది.

హాన్లేలోనే నేడు మేస్ అను 21 మీటర్ల దూరదర్శిని నిలిచియున్నది. దానిని భాభా అణుపరిశోధన కేంద్రము, ఇతర సంస్థల సహాయముతో, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ నిర్మించినది. దాని అద్దము ఒక్క పలక గాదు; 356 పలకల కూర్పు. మెరుపును చిత్రించు కెమెరాలో 1,088 కాంతిగ్రాహక నాళములు కలవు. 2022 సంవత్సరాంతమున పెర్సియస్ రాశిలోని ఎన్.జి.సి. 1275 అను గెలాక్సీ మండినప్పుడు అది చూడగలిగినది. 2024 అక్టోబరు 4న దానికి ప్రారంభోత్సవము జరిగినది.

ఇతర దేశములలో ఇన్ని దూరదర్శినులుండగ మంచు ఎడారిలో మరియొకటి ఎందులకని కొందరు అడుగవచ్చును. ఇట్టి దూరదర్శిని చూడగలుగునది వెన్నెల లేని, మబ్బు లేని రాత్రులలోనే. సంవత్సరమునకు సుమారు వేయి గంటలు. హాన్లేలో నడిరేయి అగునప్పుడు కానరీ దీవులలో ఇంకను సాయంకాలము, ఆరిజోనాలో పట్టపగలు. అప్పుడొక గెలాక్సీ అరగంటపాటు మండి చల్లారినచో ఉత్తరార్ధగోళమున దానిని చూడగల పెద్ద అద్దము మరియొకటి లేదు. రాత్రి భూమిని చుట్టివచ్చునట్లు కావలి కూడ చేతులు మారుచు చుట్టిరావలెను. ఒక చోట కావలివాడు లేకున్నచో అంతమేర కథ తెగిపోవును.

గామా గెలాక్సీల చరిత్రను వెనుకకు తిరిగి చూచినచో ఒక సంగతి స్పష్టముగ తోచును. కాస్-బికి 3సి 279 కనిపింపలేదు. అంతమాత్రమున అది లేదని కాదు. ఒకనాడు చూచి, కనిపింపలేదని కలము పెట్టినవానికి ఈ ఆకాశము ఏమియు చెప్పదు. మరల మరల చూచి, కనిపింపని రాత్రిని కూడ చిట్టాలో వ్రాసికొన్నవానికే చెప్పును. కాస్-బి వ్రాసియుంచిన లేదను మాటయే, పదునైదేండ్ల తరువాత, ఆ గెలాక్సీ మారుచున్నదనుటకు సాక్ష్యమయినది.

ఈ వ్యాసము చదువరుల చేతికి చేరు వేళకు హాన్లేలో రాత్రియైనచో, మబ్బు లేకున్నచో, ఆ పెద్ద అద్దము ఏదో యొక దిక్కునకు తిరిగియుండును. ఆ రాత్రి ఏమియు జరుగకపోవచ్చును. అట్టి రాత్రులే హెచ్చు. కాని 500 కోట్ల సంవత్సరముల క్రిందట బయలుదేరిన మెరుపు ఏదైన ఆ అరగంటలోనే వచ్చి చేరవలసియున్నచో, దానిని అందుకొనుటకు ఒకరు మేలుకొనియుందురు.